రెండో బ్లేడు

చెల్లెమ్మకు అన్నయ్య దీవెనలు.

ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే ఎవరెవరని నవ్వుతావు. నేనూ, నా అట్టలు నొక్కే ప్రెస్సూ, కిటికీ గట్టు మీద పడుకుని నేను తింటున్నంతసేపూ నా నోటికేసి చూసే మసిరంగు పిల్లీ. ముగ్గురిలోకీ ఒంట్లో బాగున్నది ప్రెస్సుకే. అక్కడ నువ్వూ, మీ అమ్మాయీ, అల్లుడూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. తలుస్తాను అని అలవాటుగా రాశానే గానీ, నువ్వు కులాసాగా లేవని నాకు తెలుసు.

నీ ఉత్తరం మంగళవారం అందింది. వారానికి రెండుసార్లు ఫోన్లో మాట్లాడుకునే వాళ్ళకి ఉత్తరమెందుకబ్బా అనుకుంటూ విప్పాను. మొదటి వాక్యంలోనే చెప్పావు: "ఈ మధ్య మాటలు మరిచిపోతున్నాను అన్నయ్యా, అందుకే రాస్తున్నాను. నువ్వూ రాసే పంపు, దాచుకుని మళ్ళీ చదువుకుంటాను." అక్కడ కళ్ళజోడు తీసి తుడిచాను. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి.

అడిగినవాటికి వరసగా జవాబులు. ఆపరేషను చేసిన కన్ను బాగా కనిపిస్తోంది. ఇదివరకు కనిపించని దుమ్మంతా ఇప్పుడు కనిపిస్తోంది, అదొక్కటే బాధ. మోకాలికి నువ్వు చెప్పిన నూనె రాస్తున్నాను. ఆ వాసనకి పిల్లి వారం రోజులు నా దగ్గరికి రాలేదు. పనంటావా, చిరిగిన పుస్తకాలు నాలుగు వస్తుంటాయి. ఈ కాలం పుస్తకాల్ని కుట్టరు, అంటిస్తారు. రెండోసారి తెరిచేసరికి పేజీలు ఊడి ఒళ్ళో పడతాయి. లోపలి రాతలూ అలాగే ఉంటున్నాయి. చదవకుండా అట్ట వేయని దిక్కుమాలిన అలవాటు నాది కనక చెబుతున్నాను.

ఇక షాపు సంగతి. ఒకటో తారీఖున మందుల షాపు తాళాలు మీ అల్లుడి చేతిలో పెట్టేస్తానన్నావు. ఆ కౌంటరు వెనక ముప్పై ఆరేళ్ళు నిలబడ్డావు. దగ్గుతూ లోపలికొచ్చిన మనిషిని చూసి, "మీకు ఆ మందు పడదు, పన్నెండేళ్ళ కిందట ఒళ్ళంతా దద్దుర్లొచ్చాయి, ఇంకోటి రాయించుకురండి" అని వెనక్కి పంపిన దానివి. డాక్టర్లే నీకు ఫోన్ చేసి, "అమ్మా, ఆ ముసలాయనకి పోయినేడు ఏమిచ్చాం?" అని అడుగుతారు. అలాంటిదానివి ఇప్పుడు రాస్తున్నావు: "చేతిసంచిలో ఏం పెట్టుకున్నానో గుర్తులేనిదాన్ని, పసిపిల్లకి చుక్కల లెక్క ఎలా చెప్పను? ఎవరి ప్రాణం మీదికో తేకముందే లేచిపోవడం మర్యాద. జిగురు మాస్టారిలా అయ్యేదాకా ఆగను."

మీ అల్లుడి గురించి నేనెప్పుడూ మంచిమాట అనలేదు. మనిషి మందు సీసా మీది చీటీ తప్ప ఇంకేమీ చదవడు. కానీ మొన్న నాకు ఫోన్ చేశాడు. "మావయ్యగారూ, అత్తయ్యగారు అన్నిటికీ చీటీలు అంటిస్తున్నారండీ. అరలకి సరే, గోడకున్న స్విచ్చులకి కూడా. నాకు షాపు వద్దండీ, ఆవిడే ఉండాలి. మీ మాటైతే వింటారు, మీరైనా చెప్పండి" అన్నాడు. ఏం చెప్పను? నువ్వు వినేది నా మాటే. కొంప మునిగిందీ అక్కడే.

నువ్వడిగిన ఆఖరి ప్రశ్నకి ఆఖర్నే జవాబు చెబుతాను. దాటేయడానికి కాదు. దాటేసి దాటేసి ఇక్కడిదాకా వచ్చాను. కానీ ముందు ఆ ప్రయాణం సంగతి మొత్తం రాయనీ. ఈ రెండు నెలల్లో నువ్వు దాన్ని వందసార్లు తవ్వుకుని ఉంటావు. నా వైపు నుంచి ఎలా జరిగిందో నీకు తెలియదు.

అది నా గొడవ కోసం పెట్టుకున్న ప్రయాణం. జిగురు మాస్టారి గురించి నీకు చెప్పి చెప్పి నీ చెవులకి చిల్లులు పొడిచి ఉంటాను. ప్రెస్సులో నా పక్క బల్ల ఆయనది. నలభై నాలుగేళ్ళ కిందట ఆ మహా నిఘంటువుకి, రెండు చేతులా ఎత్తితే గానీ లేవని దానికి, తోలు అట్ట వేసింది నేను. పేరొచ్చింది ఆయనకి. పత్రికలో ఫోటో పడింది ఆయనది. అప్పటి నుంచీ నేను ఏ విందుకెళ్ళినా, ఎవరితో మాట్లాడినా, మూడో మాటకి ఆ నిఘంటువు దగ్గరికే చేరేవాణ్ణి. చివరికి జనం నన్ను చూస్తే పని గుర్తొచ్చినట్టు లేచి వెళ్ళిపోయేవాళ్ళు. ఇప్పుడు ఆ పెద్ద గ్రంథాలయం వాళ్ళు దాన్ని అద్దాల పెట్టెలో పెట్టి, అట్ట వేసిన జిగురు మాస్టారికి సన్మానమనీ, పాత పనివాళ్ళంతా రావాలనీ కార్డు పంపారు. వెళ్తానన్నాను. కన్ను ఆపరేషనయిన మనిషిని ఒంటరిగా పంపనన్నావు. ముప్పై ఆరేళ్ళలో మొదటిసారి మూడు రోజులు షాపు మూసి నా వెంట వచ్చావు.

చేతిసంచిలో ఏమి పట్టుకెళ్ళవచ్చు, ఏమి కూడదు అని విమానం వాళ్ళు పంపిన కాగితం గుర్తుందా? నేను దాన్ని ధర్మశాస్త్రం చదివినట్టు చదివాను. ఎర్ర పెన్సిలుతో నాలుగు అచ్చుతప్పులు దిద్దాను. నీ మంచం మీద సామానంతా పరిచి పరీక్ష పెట్టాను.

"కళ్ళ చుక్కలు?"

"చిన్న సీసా. పైకి కనపడే సంచిలో పెట్టాను."

"దగ్గు మందు?"

"డాక్టరు చీటీతో సహా."

"గోళ్ళ కత్తెర?"

"ఇంట్లోనే వదిలేశాను. అన్నయ్యా, నువ్వు విమానం ఎక్కుతున్నావా, నడుపుతున్నావా?"

నీ సంచి చూస్తే పాఠ్యపుస్తకంలో బొమ్మలా ఉంది. ద్రవాలన్నీ ఒక్క సంచిలో, ఫోను ఛార్జి చేసే దిమ్మ విడిగా, అన్నిటికంటే పైన నీ నీలం అట్ట మందుల పుస్తకం. ఎవరికి ఏది పడదో, ఎవరికెంత ఇవ్వాలో ముప్పై ఆరేళ్ళుగా నువ్వు రాసుకున్న పుస్తకం. దానికి మూడుసార్లు అట్ట మార్చింది నేనే. మూడు రోజులు ఊరికి పోతూ కూడా దాన్ని ఇంట్లో వదలలేదు. "ఎవరైనా ఫోన్ చేసి అడిగితే?" అన్నావు.

తనిఖీ దగ్గర నా సంచిలోంచి జిగురు డబ్బా తీశారు. నేను గొడవకి దిగాను.

"ఇది ద్రవం కాదు. పారేది ద్రవం. ఇది అంటుకుంటుంది."

"పెద్దాయనా, పూసేది ఏదైనా మాకు ద్రవం కిందే లెక్క."

"ఏ నిఘంటువులో ఉంది ఆ అర్థం?"

"నిఘంటువు సంగతి నాకు తెలీదండీ. డబ్బా పెద్దది. ఇక్కడ వదిలేయండి, లేదా మీరే ఇక్కడ ఉండిపోండి."

వరసలో జనం నవ్వారు. నువ్వూ నవ్వావు, "పొయ్యి మీద పెట్టుకునే పిండి జిగురు కోసం ఏమిటా పంతం" అని. నేను ఇంకా గొంతు పెంచాను. ఎందుకు పెంచానో తర్వాత చెబుతాను.

ఈలోగా నీ సంచి బెల్టు మీద లోపలికి వెళ్ళింది. ఆగింది. వెనక్కొచ్చింది. మళ్ళీ వెళ్ళి ఆగింది. తెర ముందు కూర్చున్న అమ్మాయి తల ఒక పక్కకి వాల్చి చూసి, చేతికి తొడుగులు వేసుకున్న ఆవిణ్ణి పిలిచింది. ఆవిడ సంచి ఎత్తి పట్టుకుని, "ఇది ఎవరిదండీ?" అంది.

"నాదేనమ్మా. మందులని ఆపారా? చీటీలున్నాయి, చూపిస్తాను."

"మందులు కాదమ్మా. సంచి ఎవరు సర్దారు?"

"నేనే."

"ఎవరైనా ఇది పట్టుకెళ్ళమని ఏమైనా ఇచ్చారా?"

"లేదు. నా సంచిలో నేను పెట్టుకున్నవి తప్ప ఇంకేమీ ఉండవు."

ఎంత ధీమాగా అన్నావో. నేను రెండడుగుల దూరంలో ఉన్నాను.

ఆవిడ నీలం పుస్తకం తీసి, పేజీలు దులిపి, కుట్టు ఉండే వీపు మీద బొటనవేలితో నొక్కుతూ కిందికి వచ్చింది. ఒకచోట ఆగింది. పుస్తకాన్ని నిలబెట్టి తట్టింది. అట్టకీ కుట్టుకీ మధ్య ఉన్న సందులోంచి బ్లేడు జారి ట్రేలో పడింది. ఇనుము కోసే రంపం ముక్కని అరగదీసి, పట్టుకోవడానికి మైనపు దారం చుట్టిన బ్లేడు. చిన్న చప్పుడే చేసింది.

"ఇదేంటమ్మా?"

నువ్వు ట్రే మీదికి వంగి చూశావు. "ఇది... మా అన్నయ్య చేసిచ్చిందే. షాపులో మాత్రల పట్టీలు కోస్తాను. ఇందులోకి ఎలా వచ్చింది?"

"దాచిపెట్టినట్టుంది కదమ్మా."

"దాచడమేంటి? నేనెందుకు దాస్తాను?"

పెద్ద అధికారి వచ్చాడు. వెనక వరస పెరిగింది. "ముసలావిడ కత్తి తెచ్చిందట" అని ఎవరో ఇంకెవరికో చెబుతున్నారు. నీ చెవులు ఎర్రబడ్డాయి. చిన్నప్పటి నుంచీ అంతే, నీకు ఏడుపొస్తే ముందు చెవులకి తెలుస్తుంది. అప్పుడు నేను ముందుకొచ్చాను. ఎందుకొచ్చానని అనుకున్నావు? కాపాడతాడు అన్నయ్య అనుకుని ఉంటావు.

"సార్, దీనికి ఈ మధ్య మతిమరుపు. ఎక్కడ ఏం పెడుతుందో దీనికే తెలియడం లేదు" అన్నాను.

ఆయన మొహం మెత్తబడింది. "ముందే చెప్పొచ్చు కదండీ. ఇలాంటివాళ్ళ సామాను మీరు దగ్గరుండి సర్దుకోవాలి."

"అవునండీ. నాదే పొరపాటు."

ఆ రోజు మొత్తానికీ నేను చెప్పిన నిజం అదొక్కటే. దాన్ని కూడా అబద్ధంలాగే చెప్పాను.

బ్లేడు తీసేసుకున్నారు. కాగితం మీద నీ చేత సంతకం పెట్టించుకుని వదిలేశారు. అవతల బెంచీ మీద కూర్చుని చెప్పులు తొడుక్కుంటూ, తల ఎత్తకుండా అడిగావు:

"ఎప్పటి నుంచి అన్నయ్యా?"

"ఏది?"

"నాకు మతిమరుపు."

"కొంతకాలంగానే."

"నాకెవరూ చెప్పలేదే."

"బాధపడతావని."

నువ్వు సరే అన్నట్టు తలూపి రెండో చెప్పు తొడుక్కున్నావు. నన్ను తిట్టావా? లేదు. వాదించావా? నాలుగో ఏట నుంచీ నాతో వాదించని రోజు లేనిదానివి, ఆ రోజు తలూపావు.

సభ సంగతి నీకు తెలిసినదే, ఒక్క ముక్క తప్ప. జిగురు మాస్టారిని కూతురు చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చింది. చొక్కా జేబుకి ఇంటి చిరునామా రాసిన గుడ్డ ముక్క కుట్టి ఉంది. నా ఎదురుగా నిలబెడితే, "మీరేం పని చేస్తుంటారు?" అని అడిగాడు. పుస్తకాలకు అట్టలు వేస్తానన్నాను. "మంచి పని. నేనూ కొన్నాళ్ళు చేశాను. నా పక్క బల్ల మీద ఒకడుండేవాడు, తోలు పనంటే వాడిదే. నోరు మాత్రం మహా చెడ్డది. ఏమయ్యాడో" అన్నాడు. నేనే వాణ్ణని చెప్పలేదు. నువ్వు మా ఇద్దరి మాటలూ వినలేదు. ఆ జేబు మీది గుడ్డ ముక్కనే చూస్తున్నావు. నువ్వు స్విచ్చులకి చీటీలు అంటిస్తున్నావని మీ అల్లుడు చెప్పగానే నాకు ఆ జేబే కళ్ళ ముందు మెదిలింది.

నీకు తెలియని ముక్క ఇది. అద్దాల పెట్టె పక్కన ఒక ఫోటో పెట్టారు. నిఘంటువు వీపు పాడైతే పోయినేడు విప్పి బాగుచేశారట. లోపలి కాగితం మీద పాత పెన్సిలు రాత కనిపిస్తే ఫోటో తీశారు. పనివాళ్ళం లోపల, ఎవరికీ కనపడనిచోట, అలా రాసుకునేవాళ్ళం. నేను రాశానని నాకు బాగా గుర్తు. నేనొక్కణ్ణే రాశానని గుర్తు. ఫోటోలో రెండు వరసలున్నాయి. మొదటిది 'కుట్టు' అని, పక్కన జిగురు మాస్టారి పేరు. రెండోది 'తోలు' అని, పక్కన నాది. రెండు వరసలూ నా చేతిరాతే. అంటే కుట్టంతా ఆయనదేనని నా చేత్తో నేనే రాసిపెట్టి, నలభై నాలుగేళ్ళు మరిచిపోయాను. పగ పట్టడానికి పనికిరాని సగం నాకు గుర్తులేకుండా పోయింది. ఫోటో చూశాక నీళ్ళు తాగొస్తానని చెప్పి బయటికి వెళ్ళింది అందుకే.

ఇప్పుడు నువ్వడిగిన ఆఖరి ప్రశ్న. ఊరి నుంచి వచ్చిన మర్నాడు పొద్దున్నే షాపు తెరిచి, కౌంటరు సొరుగులో నీ బ్లేడు నీకే కనిపించి, ఫోన్ చేశావు. "అన్నయ్యా, నా బ్లేడు ఇక్కడే ఉంది. అక్కడ తీసుకున్నది ఎవరిది? నీదేనా?" అన్నావు. "నాదైతే నా సంచిలో ఉండదా? నీకు రెండు చేసిచ్చాను కదా" అన్నాను. "రెండిచ్చావా" అన్నావు. "రెండు" అన్నాను. అంతే. ఇప్పుడు ఉత్తరంలో అడుగుతున్నావు: "రెండోది ఎప్పుడిచ్చావో, ఎక్కడ నిలబడి ఇచ్చావో కాస్త గుర్తు చేసుకుని రాయి. ఆ ఒక్కరోజు గుర్తొస్తే నాకు ధైర్యంగా ఉంటుంది. ఎంత వెతుక్కున్నా దొరకడం లేదు."

దొరకదు చెల్లెమ్మా. నీకిచ్చింది ఒక్కటే.

ఆ బ్లేడు నాది. నేనే పెట్టాను. పొరపాటున కాదు, తెలిసే పెట్టాను.

సభలో అందరి ముందూ అద్దాల పెట్టె తెరిపించి, ఆ నిఘంటువు వీపు చీల్చి, లోపల నా పేరు చూపించాలని నా పథకం. చీల్చింది మళ్ళీ అంటించాలి కనక జిగురు. పెద్ద పెట్టె లోపలికి ఇస్తే అందులో బ్లేడు పెట్టుకోవచ్చని ఆ కాగితంలోనే ఉంది. కానీ వెనకొకసారి పార్సిల్లో వేసిన నా పనిముట్లు పోయాయి, పెట్టె ఇవ్వడానికి మనసొప్పలేదు. అక్కడి బజారులో బ్లేడు దొరకదా అంటావు. దొరుకుతుంది. నా పగకి నా బ్లేడే కావాలనిపించింది. నా సంచిలో పెడితే పట్టుకుంటారు. నా మొహమే అనుమానపు మొహం. మందుల సీసాలు పొందిగ్గా సర్దుకున్న పెద్దావిడని ఎవరాపుతారు? ఆపినా, ఆ పుస్తకం వీపులో ఏముందో ఎవరు చూస్తారు? ఆ రోజు పొద్దున నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడు సంచిలోంచి పుస్తకం తీశాను. వీపు కింది అంచు నీ బొటనవేలు ఆని ఆని అరిగి విచ్చుకుని ఉంది. అక్కడి నుంచి తోశాను. జిగురు డబ్బా కోసం అంత గొంతు చించుకున్నది కూడా వాళ్ళ కళ్ళన్నీ నా మీద ఉండాలనే. జిగురు పోయినా ఫరవాలేదు, బ్లేడు దాటితే చాలు.

ఇంతవరకూ రాసి రెండుసార్లు చదువుకున్నాను. ఇంకా ఒకటి మిగిలింది. అది రాయకుండా మడతపెడితే ఈ ఉత్తరం కూడా ఇంకో అబద్ధమే.

చిన్నప్పటి నుంచీ ఇంట్లో పుస్తకాలు నావి, జ్ఞాపకం నీది. నేను పది పేజీలు చదివి చెప్పబోతే, పక్కన కూర్చుని విన్న నువ్వు నా తప్పు దిద్దేదానివి. అమ్మ నవ్వేది. చుట్టాలొస్తే, "దీనికి ఒక్కసారి చెబితే చాలు" అని నిన్నే ముందుకు తోసేవాళ్ళు. వేల పుస్తకాలకి అట్టలు వేశాను, అన్నీ చదివాను. ఇప్పటికీ ఏ సంగతైనా తేలనప్పుడు జనం నిన్నే అడుగుతారు. ఆ తనిఖీ దగ్గర 'దీనికి మతిమరుపు' అన్నప్పుడు భయంతోనే అన్నాను. కానీ అన్నాక, నువ్వు తల దించుకున్నప్పుడు, నాలో ఎక్కడో ఒక మూల చిన్న సంతోషం కలిగింది. గింజంత. డెబ్భై ఏళ్ళొచ్చిన వాడికి, చెప్పులు తొడుక్కుంటున్న చెల్లెలి నడినెత్తి చూస్తూ కలిగిన సంతోషం అది. దానికి ఏ పుస్తకంలోనైనా పేరుందేమోనని వెతికాను. ఉన్నా నాకు వద్దు.

ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. ఫోన్లో నాకు అబద్ధం బాగా వస్తుంది. 'రెండు' అని అక్కడే చెప్పాను. ఇది నా చేతిరాత, దీన్ని కాదనలేను. పైగా నువ్వు దాచుకుని మళ్ళీ చదువుకుంటానన్నావు. చదువుకో. మీ అమ్మాయికీ అల్లుడికీ కూడా చదివి వినిపించు, ఒక్క మాట వదలకుండా. ఆ సంతోషం ముక్క కూడా వదలకు. విమానాశ్రయం వాళ్ళకి వేరే ఉత్తరం రాశాను. బ్లేడు నాదనీ, పెట్టింది నేననీ, మా చెల్లెలు సంతకం పెట్టిన కాగితం తప్పనీ రాసి, నా చిరునామా ఇచ్చాను. పిలుస్తారో, తిడతారో, కేసే పెడతారో. ఏదైనా నాకు రావలసిందే.

నువ్వు ఇదంతా నమ్మవని కూడా తెలుసు. 'నన్ను ఓదార్చడానికి నింద తన మీద వేసుకుంటున్నాడు పాపం, పిచ్చి అన్నయ్య' అనుకుంటావు. అలాంటి మంచితనం నాలో ఎప్పుడు చూశావో గానీ, అనుకుంటావు. అందుకని నా మాట నమ్మొద్దు. నీ కౌంటరు సొరుగులో బ్లేడుంది కదా, నేనిచ్చిన ఆ ఒక్కటీ, అది తీసుకో. నీలం పుస్తకం బోర్లా పెట్టు. వీపు పైఅంచు నుంచి రెండు వేళ్ళ మేర నిలువునా కొయ్యి. భయపడకు, కుట్టు తెగదు, పైతోలే తెగుతుంది. లోపల చుట్టచుట్టిన కాగితం ఉంటుంది. బ్లేడు మొన తగిలి తోలు పాడవకూడదని, ముందు అది పైదాకా దూర్చి ఆ తర్వాతే బ్లేడు తోశాను. బ్లేడు కింది నుంచి జారిపోయింది, కాగితం పైన ఉండిపోయింది. తోలుకి గాయం కాకూడదని అంత జాగ్రత్త పడ్డాను చూడు. నీ సంగతి తట్టలేదు.

ఆ కాగితం విప్పి చూడు. విమానం వాళ్ళు పంపిన కాగితంలోంచి చింపిన ముక్క అది. పదునైన వస్తువులు చేతిసంచిలో కూడవు అన్న వరస దాని మీదే ఉంది. దాంట్లో ఒక అచ్చుతప్పు ఉంది, నేను ఎర్ర పెన్సిలుతో దిద్దాను. ఆ పెన్సిలు మన ఇద్దరిలో ఎవరిదో నీకు తెలుసు.

కోసిన తోలు నేను మళ్ళీ అతికిస్తాను, నువ్వు పుస్తకం పంపితే. పంపకపోతే అడగను. అలా చిరిగే ఉండనీ.

షాపులో చీటీలన్నీ పీకెయ్యి. డాక్టరు దగ్గరికి వెళ్తే వెళ్ళు గానీ, మరిచిపోయానని మాత్రం చెప్పకు. నువ్వేమీ మరిచిపోలేదు. నువ్వు చేయని పని నీకెలా గుర్తుంటుంది? ఒకటో తారీఖున తాళాలు నీ నడుముకే ఉండాలి. పొద్దున్నే షాపు తెరువు. ఎవరో దగ్గుతూ వస్తారు. వాళ్ళకి ఏది పడదో నీకు తెలుసు.

నా ఫోనుకి నువ్వు జవాబివ్వకపోతే ఎందుకని అడగను.

ఇట్లు,
నీకు ఒక్క బ్లేడే ఇచ్చిన
అన్నయ్య